పట్టాలు వేయకముందే చెప్పవలసిన లెక్క

సభకు నమస్కారం.

రవాణా సౌకర్యాల మీద ప్రజాధనం ఎంత పెట్టాలి, అందులో హైస్పీడ్ రైలుకు చోటు ఉందా లేదా అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ చర్చ ఏ దేశంలో జరిగినా సభ రెండుగా చీలిపోతుంది. ఒక సగానికి ఆ రైలు దేశ గౌరవం, ఇంకో సగానికి అది దుబారా. నేను ఎటు ఉన్నానో ముందే చెప్పడం మర్యాద. నాకు రైలంటే ప్రాణం. వందలమందిని వేళకు, వేగంగా, క్షేమంగా చేర్చే రైలు మనిషి కట్టిన గొప్ప వస్తువుల్లో ఒకటని నమ్ముతాను. ఆ నమ్మకం ఉంది కాబట్టే, రైలు పేరు చెప్పి జనానికి తప్పుడు లెక్కలు చూపించినప్పుడు రైలును వద్దనేవాళ్ల కన్నా నాకే ఎక్కువ బాధ కలుగుతుంది. ఈ రోజు నా మాటంతా ఆ లెక్కల చుట్టూనే తిరుగుతుంది.

ఒక మనిషి కథతో మొదలుపెడతాను. 1955లో సోగో షింజీ అనే పెద్దమనిషి జపాన్ నేషనల్ రైల్వేస్‌కు అధ్యక్షుడయ్యారు. అప్పటికి ఆయన వయసు 71. టోక్యో, ఒసాకాల మధ్య నడిచే పాత టొకైడో మార్గం అప్పటికే కిక్కిరిసి ఉంది. దేశంలోని రైలు మార్గాల మొత్తం పొడవుతో పోలిస్తే అది చాలా చిన్న ముక్క. కానీ దేశమంతటి రైలు ప్రయాణికుల్లో, సరుకులో దాదాపు నాలుగో వంతు భారం దాని మీదే పడేది. పైగా అది 1067 మిల్లీమీటర్ల నారో గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం తక్కువ. పక్కనే మరో జత నారో గేజ్ పట్టాలు వేస్తే సరిపోతుందని రైల్వేలోనే చాలామంది అన్నారు. సోగో, ఆయన వెనక్కి పిలిపించుకున్న ఇంజినీరు షిమా హిదేఓ దానికి ఒప్పుకోలేదు. 1435 మిల్లీమీటర్ల గేజ్‌తో, ఒక్క లెవెల్ క్రాసింగ్ కూడా లేకుండా, నెమ్మది బళ్లతో కలవకుండా, పూర్తిగా వేరే మార్గం కావాలన్నారు.

విమర్శకులు ఊరుకోలేదు. రాబోయేది విమానాల కాలం, మోటారు కార్ల కాలం, ఇప్పుడు కొత్తగా పట్టాలేమిటని అడిగారు. యుద్ధంలో కోట్లు మింగి మునిగిపోయిన యమాటో యుద్ధనౌకతో దీన్ని పోల్చారు. నిజమైన ఖర్చు చెబితే పార్లమెంటు ఒప్పుకోదని సోగోకు తెలుసు. అందుకని దాదాపు 20,000 కోట్ల యెన్లు చాలని చూపించారు. తర్వాత ప్రపంచ బ్యాంకు నుంచి 8 కోట్ల డాలర్ల అప్పు తెచ్చారు. మొత్తం ఖర్చులో అది చిన్న భాగమే. కానీ బయటి సంస్థకు మాట ఇచ్చాక ఏ ప్రభుత్వం వచ్చినా పని మధ్యలో ఆపలేదన్నది అందులోని ఎత్తుగడ. పని సాగుతున్నకొద్దీ ఖర్చు తడిసి మోపెడై 38,000 కోట్ల యెన్లకు చేరింది. దాచిన లెక్క బయటపడింది. 1963లో సోగో పదవి నుంచి తప్పుకోవలసి వచ్చింది, ఆయన వెంటే షిమా కూడా వెళ్లిపోయారు. 1964 అక్టోబర్ 1 తెల్లవారి 6 గంటలకు టోక్యో స్టేషన్‌లో మొదటి షింకాన్‌సెన్ (ఆ కొత్త హైస్పీడ్ రైలుకు జపాన్‌లో పేరు అదే) బండిని సాగనంపిన వేడుకకు వాళ్లిద్దరికీ పిలుపు రాలేదు.

ఆ బండి గంటకు 210 కిలోమీటర్ల వేగంతో నడిచింది. 515 కిలోమీటర్ల దూరాన్ని మొదట నాలుగు గంటల్లో, మరుసటి ఏడాది నుంచి మూడు గంటల పది నిమిషాల్లో దాటింది. పట్టాలు తప్పడం వల్ల గానీ, మరో బండిని గుద్దుకోవడం వల్ల గానీ షింకాన్‌సెన్‌లో ఇంతవరకు ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. వద్దన్నవాళ్లందరూ తప్పని కాలం తేల్చింది.

రైలు అభిమానులు ఈ కథను గర్వంగా చెప్పుకుంటారు. నేను కూడా ఎన్నోసార్లు చెప్పాను. అయితే చెప్పిన ప్రతిసారీ ఒక ముల్లు గుచ్చుకుంటుంది. సోగో నిజం చెప్పి ఉంటే ఆ మార్గం వచ్చేది కాదేమో. అంటే మంచి పనికి అబద్ధం తోడు కావాలా? నిర్మాణ రంగంలో ఈ మాటను నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. ముందు తక్కువ చెప్పు, గొయ్యి తవ్వించు, సగం కట్టాక ఎవరూ ఆపలేరు, పూర్తయ్యాక అందరూ మెచ్చుకుంటారు. ఇదీ వాళ్ల నీతి. ఒక్క టొకైడోను మాత్రమే చూస్తే ఆ నీతి నిజమనే అనిపిస్తుంది.

ఒక్కదాన్ని కాకుండా వందల ప్రాజెక్టులను కలిపి చూసిన మనిషి ఒకరున్నారు. డెన్మార్క్‌కు చెందిన పరిశోధకుడు బెంట్ ఫ్లూబ్యెర్గ్. ఆయన బృందం 2002లో 258 రవాణా ప్రాజెక్టుల లెక్కలు తీసి, మొదట చెప్పిన ఖర్చును చివరికి అయిన ఖర్చుతో పోల్చింది. ప్రతి పదింటిలో తొమ్మిది అంచనా దాటాయి. రైలు ప్రాజెక్టులు సగటున 45 శాతం, వంతెనలూ సొరంగాలూ 34 శాతం, రోడ్లు 20 శాతం దాటాయి. వాళ్లు గమనించిన ఇంకో సంగతి నన్ను ఎక్కువ కదిలించింది. డెబ్బై ఏళ్ల కాలంలో ఈ తేడా తగ్గలేదు. నిజాయితీగా లెక్క తప్పేవాడు ఒకసారి ఎక్కువ చెబుతాడు, ఒకసారి తక్కువ చెబుతాడు, అనుభవం మీద సరిదిద్దుకుంటాడు. డెబ్బై ఏళ్లు ఒకే వైపు తప్పుతూ పోతే దాన్ని పొరపాటనడం కష్టం. ఆ తర్వాత 2005లో వచ్చిన వాళ్ల మరో అధ్యయనం ప్రయాణికుల అంచనాలను చూసింది. అక్కడ కూడా పది రైలు ప్రాజెక్టుల్లో తొమ్మిది అంచనాలు ఉన్నదాని కన్నా ఎక్కువ చెప్పినవే. సగటున చూస్తే చెప్పిన జనంలో సగం మందే బండి ఎక్కారు. ఖర్చు సగం చేసి, రాబడి రెట్టింపు చేసి చూపిస్తే ఏ మార్గమైనా లాభసాటిగానే కనిపిస్తుంది కదా.

సోగో దారిలో నడిచి గమ్యం చేరని కథ కాలిఫోర్నియాది. 2008 నవంబర్‌లో అక్కడి ఓటర్లు శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్‌ల మధ్య హైస్పీడ్ రైలు కోసం 995 కోట్ల డాలర్ల బాండ్లకు ఆమోదం తెలిపారు. మొత్తం ఖర్చు 3,300 కోట్ల డాలర్ల ప్రాంతంలో ఉంటుందని, 2020కల్లా బండి నడుస్తుందని అప్పుడు చెప్పారు. ఇప్పుడు ఆ అంచనా 10,000 కోట్ల డాలర్లు దాటింది. 2020 వచ్చి వెళ్లిపోయింది, బండి రాలేదు. ఎందుకిలా అయిందో తెలిస్తే బాధ ఇంకా పెరుగుతుంది. రెండు నగరాల మధ్య ప్రయాణం 2 గంటల 40 నిమిషాలకు మించకూడదని చట్టంలోనే రాసిపెట్టారు. అంటే కొండ ఎక్కడుందో, భూకంప రేఖ ఎక్కడుందో పూర్తిగా చూడకముందే ఇంజినీరు చేతులు కట్టేశారు. కేంద్ర ప్రభుత్వ సాయం గడువుతో వచ్చింది కాబట్టి, భూమి పూర్తిగా చేతికి రాకముందే కాంట్రాక్టర్లకు పని అప్పగించారు. స్థలం లేక యంత్రాలు ఆగిపోయాయి, ఆలస్యానికి నష్టపరిహారం కట్టవలసి వచ్చింది. ఆ రాష్ట్ర ఆడిటరే 2018 నివేదికలో ఈ తొందరపాటును ఎత్తిచూపారు. ఓటు వేసిన ఆ పౌరుల్ని నేను తప్పుపట్టను. వాళ్లకు చూపించిన కాగితం మీద వాళ్లు మంచి నిర్ణయమే తీసుకున్నారు. కానీ ఇకముందు ఏ రైలు ప్రణాళిక వాళ్ల ముందుకు వచ్చినా వాళ్లు నమ్మకపోతే, ఆ నష్టాన్ని ఏ బడ్జెట్ పుస్తకంలో రాస్తారు?

ఇప్పుడు వేగం సంగతికి వస్తాను. చర్చ దారి తప్పేది ఎక్కువగా ఇక్కడే. వేగం చెప్పుకోవడానికి బాగుంటుంది, పత్రికల శీర్షికల్లో బాగుంటుంది. కానీ షింకాన్‌సెన్ పుట్టింది పాత మార్గంలో చోటు లేక. ఇది అర్థం కావాలంటే ఒక చిన్న విషయం తెలియాలి. ఒకే జత పట్టాల మీద గూడ్స్ బండి, ఊరూరా ఆగే ప్యాసింజరు, ఎక్స్‌ప్రెస్ కలిసి నడిస్తే ఆ మార్గం త్వరగా నిండిపోతుంది. నెమ్మది బండి చాలా దూరం పోయేదాకా వెనక ఎక్స్‌ప్రెస్‌ను వదలలేరు, వదిలితే మధ్యలోనే దాన్ని అందుకుంటుంది. అందుకని వాటి మధ్య పెద్ద ఖాళీ వదలాలి. ఆ ఖాళీలో మరో నాలుగు బళ్లు నడిచేవి, కానీ నడపలేరు. అన్ని బళ్లూ ఒకే వేగంతో పోతే ఈ ఖాళీల అవసరం ఉండదు. 2020 నుంచి టొకైడో షింకాన్‌సెన్ మీద అత్యంత వేగంగా పోయే నొజోమి బళ్లే రద్దీ వేళల్లో గంటకు పన్నెండు నడుస్తున్నాయి. అంటే ఐదు నిమిషాలకు ఒకటి. వేగం బళ్లను కొత్త మార్గానికి తరలిస్తే పాత మార్గంలో ఖాళీ అయ్యే చోటు, గూడ్సుకూ రోజువారీ ప్రయాణికులకూ దొరుకుతుంది. హైస్పీడ్ మార్గం వల్ల కలిగే మేలులో పెద్ద వాటా ఆ బండి ఎప్పుడూ ఎక్కనివాళ్లకే దక్కవచ్చు. ఈ మాట సభల్లో ఎవరూ చెప్పరు.

బ్రిటన్‌లో జరిగింది చూడండి. లండన్ నుంచి ఉత్తరానికి పోయే వెస్ట్ కోస్ట్ మార్గం నిండిపోయింది కాబట్టి కొత్త మార్గం కావాలి. దానికి పెట్టిన పేరు మాత్రం హైస్పీడ్ టూ. పేరులోనే వేగం ఉంది కాబట్టి చర్చంతా నిమిషాల చుట్టూ తిరిగింది. కొద్ది నిమిషాల ఆదా కోసం ఇన్ని వేల కోట్ల పౌండ్లా అని విమర్శకులు అడిగితే, సమర్థించేవాళ్లు అప్పుడు తీరిగ్గా అసలు కారణం చోటు అని చెప్పడం మొదలుపెట్టారు. అప్పటికి ఆలస్యమైంది. 2021 నవంబర్‌లో లీడ్స్‌కు పోయే కొమ్మ నరికారు. 2023 అక్టోబర్‌లో మాంచెస్టర్ కొమ్మ కూడా పోయింది. మిగిలింది లండన్, బర్మింగ్‌హామ్‌ల మధ్య ముక్క. ఉత్తరానికి పోవలసిన బళ్లు ఆ ముక్క దాటాక మళ్లీ ఆ పాత మార్గంలోకే, ఆ రద్దీలోకే దిగాలి. ఏ జబ్బుకు మందు వేశారో ఆ జబ్బు సగం అలాగే ఉండిపోయింది. మొదటి రోజు నుంచే ఇది చోటు కోసం కడుతున్న మార్గమని చెప్పి ఉంటే ఖర్చు తగ్గేదని నేను అనను. అయితే వేగం కొంచెం తగ్గించుకుని, మలుపులు కొంచెం ఎక్కువ పెట్టుకుని, తక్కువ ఖర్చుతో కట్టే దారి గురించి ఆలోచించే వీలు ఉండేది. గంటకు 300 కిలోమీటర్లకు పైగా పోవాలంటే మలుపు వ్యాసార్థం నాలుగు కిలోమీటర్లకు మించాలి. అలాంటి గీత ఊళ్లను తప్పించుకుపోలేదు, కొండను చుట్టుకుపోలేదు. తవ్వాలి, కూల్చాలి. పైగా గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే అది నాలుగు రెట్లవుతుంది, కాబట్టి కరెంటు ఖర్చు కూడా అలాగే పైకి పోతుంది.

యూరోపియన్ యూనియన్ ఖర్చులను తనిఖీ చేసే ఆడిటర్ల కోర్టు 2018లో ఇచ్చిన నివేదికలో ఒక సంగతి ఉంది. వాళ్లు పరిశీలించిన మార్గాల్లో బళ్లు నడిచిన సగటు వేగం, ఆ మార్గాన్ని రూపొందించిన వేగంలో 45 శాతమే. పది మార్గాల్లో నాలుగింటిలో ఒక్క నిమిషం ఆదాకు పడిన ఖర్చు 10 కోట్ల యూరోలు దాటింది. ఒక్క నిమిషానికి! అంత వేగానికి కట్టి, దానిలో సగం కూడా వాడకపోతే ఆ ఖర్చు ఎవరి కోసం?

అలాగని వేగమే వద్దని నేను అనడం లేదు. ఫ్రాన్స్‌లో పారిస్, లియోన్‌ల మధ్య 1981లో మొదలైన మార్గం ఎంత తెలివైన పనో చూడండి. గూడ్స్ బళ్లు నడపం అని ముందే తేల్చుకున్నారు. తేలికైన, బలమైన ప్రయాణికుల బండి మాత్రమే నడుస్తుంది కాబట్టి వెయ్యి మీటర్లకు 35 మీటర్ల ఎత్తు ఎక్కే వాలును ఒప్పుకున్నారు. దానితో కొత్త మార్గమంతటా ఒక్క సొరంగం కూడా తవ్వే అవసరం పడలేదు. పట్టణాల నడిబొడ్డుకు కొత్త పట్టాలు వేయలేదు, ఉన్న పట్టాల మీదనే బండి స్టేషన్‌లోకి చేరుతుంది. దాదాపు నాలుగు గంటల ప్రయాణం రెండు గంటలకు దిగింది. 1982 చివర్లో వాళ్లు చేసిన ఒక చట్టం నాకు ఇంకా ఇష్టం. ప్రజాధనంతో కట్టిన పెద్ద రవాణా ప్రాజెక్టు వాడకంలోకి వచ్చిన మూడు నుంచి ఐదేళ్లలోపు, ముందు చెప్పినదేమిటి, తర్వాత జరిగినదేమిటి అని పోల్చి లెక్క బయటపెట్టాలని ఆ చట్టం చెబుతుంది. రిబ్బను కత్తిరించిన ఫోటోతో కథ ముగియదన్నమాట.

ఇక రోడ్ల విషయం. రైలు మీద ఖర్చును నష్టమంటారు, రోడ్డు మీద ఖర్చును అభివృద్ధి అంటారు. ఈ రెండు నాలుకల వాదన నేను ఎన్నో ఏళ్లుగా వింటున్నాను. అమెరికాలో 1956 చట్టంతో 41,000 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారులకు పూనుకున్నారు, ఖర్చులో 90 శాతం కేంద్రం పెట్టుకుంది. పెట్రోలు పన్నుతో రోడ్లు తమ ఖర్చు తామే భరిస్తాయని చెప్పారు. ఆ కేంద్ర పన్ను 1993 నుంచి గాలనుకు 18.4 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. 2008 నుంచి ఆ రహదారుల నిధికి సాధారణ ఖజానా నుంచి మళ్లీ మళ్లీ డబ్బు పోస్తున్నారు. దాన్ని ఎవరూ నష్టమనరు. ఫ్రెంచి ఇంజినీరు జూల్ ద్యుప్యూయీ 1844లోనే చెప్పిన సంగతి ఇది: వంతెన వల్ల జనానికి కలిగే మేలు, వంతెన దగ్గర వసూలైన సుంకంతో సమానం కాదు, అంతకన్నా ఎక్కువ. టికెట్ల రాబడిని మాత్రమే చూసి రైలును కొలిచేవాళ్లు రోడ్డును కూడా ఆ తూకంరాయితోనే తూచాలి.

మరి పాత మార్గాలను బాగుచేస్తే చాలదా అని అడిగేవాళ్ల మాటలో న్యాయం ఉంది. 2000 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని హాట్‌ఫీల్డ్ దగ్గర పగుళ్లు పట్టిన పట్టా ముక్కలై బండి పడిపోయింది, నలుగురు చనిపోయారు. పట్టా పగిలిపోతోందని ముందే తెలుసు, మార్చలేదు. పట్టా మార్చడానికి శంకుస్థాపనలు ఉండవు, శిలాఫలకాలు ఉండవు, అందుకే దానికి డబ్బు చివర్లో మిగిలితేనే దొరుకుతుంది. ఇది మారాలి. కానీ బాగుచేయడం చవక అనుకోవడం కూడా పొరపాటే. బళ్లు నడుస్తున్న మార్గాన్ని బాగుచేయడమంటే గుండె కొట్టుకుంటుండగా శస్త్రచికిత్స చేయడం. బ్రిటన్ వెస్ట్ కోస్ట్ మార్గం ఆధునికీకరణ 1990ల చివర్లో 200 కోట్ల పౌండ్ల పైచిలుకుతో మొదలై 900 కోట్ల దగ్గర ముగిసింది. గంటకు 140 మైళ్లన్న మాట 125 దగ్గర ఆగింది. రాత్రి నాలుగు గంటల వ్యవధిలో పని, పగలు బళ్లు, వారాంతాల్లో మార్గం మూత. ఆ కష్టం అనుభవించిన దేశం కాబట్టే వాళ్లు కొత్త మార్గం గురించి ఆలోచించారు.

ఈ చర్చను బాగా నడిపిన దేశం ఏదని నన్ను అడిగితే స్విట్జర్లాండ్ పేరు చెబుతాను. అక్కడ కూడా మొదట తూర్పు పడమరలను కలిపే వేగమైన కొత్త మార్గం ప్రతిపాదనే వచ్చింది. దానివల్ల ఆ గీత మీది పెద్ద నగరాలకే లాభమని మిగతా ప్రాంతాలు అడ్డుపడ్డాయి. అప్పుడు వాళ్లు ప్రశ్నను తలకిందులు చేశారు. ఎంత వేగంగా పోగలం అని కాకుండా, ప్రయాణికుడు ఏ జంక్షన్‌లో దిగి ఎంతసేపు కాచుకోవాలి అని అడిగారు. ముందు టైంటేబుల్ రాశారు. ప్రధాన జంక్షన్లలో అన్ని దిక్కుల బళ్లూ గంట కొట్టే వేళకు కాస్త ముందు చేరాలి, ప్రయాణికులు ఒక బండి దిగి ఇంకోటి ఎక్కాలి, గంట దాటగానే అన్నీ బయలుదేరాలి. అలా జరగాలంటే జ్యూరిచ్, బెర్న్‌ల మధ్య ప్రయాణం గంటలోపు ముగియాలి. 45 నిమిషాలకు తగ్గిస్తే లాభం లేదు, ప్లాట్‌ఫాం మీద పావుగంట నిలబడడమే మిగులుతుంది. ఎంత వేగంగా వీలైతే అంత అని కాదు, ఎంత అవసరమో అంత. ఇది వాళ్ల మాట.

1987 డిసెంబర్‌లో ఈ ప్రణాళికను ప్రజల ఓటుకు పెట్టారు, నెగ్గింది. తర్వాత అంచనాలు చేయి దాటిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు వాళ్లు దాన్ని దాచలేదు. కొన్ని కొత్త మార్గాలను పక్కన పెట్టి, 740 కోట్ల ఫ్రాంకులకు మించకూడదని హద్దు గీసి, చేయగలిగినంత చేశారు. 590 కోట్ల దగ్గర పని ముగిసింది. 2004 డిసెంబర్ 12న ఒకే రోజున దేశంలోని దాదాపు అన్ని బళ్ల వేళలూ మారాయి. బెర్న్ దగ్గర వేసిన 45 కిలోమీటర్ల కొత్త మార్గంలో వేగం గంటకు 200 కిలోమీటర్లే. దాన్ని చూసి ఎవరూ ఫోటో తీసుకోరు. కానీ మారుమూల లోయలో బస్సు ఎక్కినవాడికి కూడా ఆ మార్గం పనికొచ్చింది, ఎందుకంటే ఆ బస్సు కూడా ఆ టైంటేబుల్‌కే కట్టుబడి నడుస్తుంది. 2014లో ఇంకో ఓటు జరిగింది. రైల్వేకు శాశ్వత నిధి ఏర్పరిచి, అందులో నడపడానికీ మరమ్మతులకూ మొదటి హక్కు ఇచ్చి, మిగిలినదానితోనే విస్తరణ అని రాసుకున్నారు. చిన్న దేశం, దగ్గర దగ్గర ఊళ్లు. 500 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు మహానగరాలకు ఈ ప్రణాళికను యథాతథంగా తగిలించలేం. నేను మెచ్చుకునేది వాళ్ల పట్టాలను కాదు, వాళ్లు ప్రశ్న అడిగిన వరసను.

ఇంకొక్క విషయం చెప్పకుండా ముగిస్తే తప్పవుతుంది. మార్గం పడినప్పుడు పోగొట్టుకునేవాళ్లున్నారు. నగోయాలో షింకాన్‌సెన్ వంతెనల పక్కన కాపురముంటున్నవాళ్లు శబ్దం, అదురు భరించలేక 1974లో కోర్టుకు వెళ్లారు. 1986లో గానీ రాజీ కుదరలేదు. పన్నెండేళ్లు. 1997 అక్టోబర్ 1న నగానోకు కొత్త మార్గం తెరిచారు, అదే రోజున పాత మార్గంలో యొకొకావా, కరుయిజావాల మధ్య కనుమ దారి పట్టాల మీద బళ్లు ఆగిపోయాయి. నగరం నుంచి నగరానికి పోయేవాడికి గంటలు కలిసొచ్చాయి. కనుమకు ఈ పక్క ఊరి నుంచి ఆ పక్క ఊరికి పోయేవాడికి బస్సు మిగిలింది. లెక్క వేసేటప్పుడు ఆదా అయిన నిమిషాలన్నీ కూడుతారు, పోయిన బండిని తీసివేయరు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ లెక్కల్లో చాలాచోట్ల ప్రయాణికుడి సమయానికి అతని సంపాదనను బట్టి విలువ కడతారు. ఎక్కువ సంపాదించేవాడి అరగంట ఎక్కువ ఖరీదు, కూలికి పోయేవాడి అరగంట తక్కువ ఖరీదు. ఆ పద్ధతిలో లెక్క వేస్తే పట్టాలు ఎవరి ఇంటి వైపు పోతాయో చెప్పనక్కర్లేదు. దీన్ని ఇంజినీర్లకు వదిలేయకూడదు. ఎవరి అరగంట ఎంత అన్నది పౌరులు కూర్చుని తేల్చవలసిన మాట.

నా సమయం అయిపోవచ్చింది. ప్రశ్నలుంటే అడగండి.

[సభలో నుంచి ఒకరు: అయ్యా, సోగో గారి కథ చెప్పి తప్పా ఒప్పా తేల్చకుండా వదిలేశారు. ఆయన స్థానంలో మీరుంటే నిజమైన ఖర్చు చెప్పేవారా?]

అడగవలసిన ప్రశ్నే. చెప్పేవాణ్ని. చెబితే ఏమయ్యేదో కూడా ఒప్పుకోవాలి. ఆ మార్గం బహుశా పదేళ్లు ఆలస్యమయ్యేది, 1964 టోక్యో ఒలింపిక్స్ నాటికి ఉండేది కాదు, అసలు రాకపోయినా రాకపోయేది. అది పెద్ద నష్టం, నేను దాన్ని తక్కువ చేయను.

కానీ టొకైడో తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. ఆ మార్గం లాభాలు చూసి, మా ప్రాంతానికీ కావాలని ప్రతి నాయకుడూ అడిగాడు. 1970లో దేశమంతటా షింకాన్‌సెన్ వేయాలని చట్టం వచ్చింది. టోక్యో, ఒసాకాల మధ్య ఉన్నంత జనం ఇంకెక్కడా లేరు. లెక్క నిజంగా వేసే అలవాటు అప్పటికే పోయింది. షింకాన్‌సెన్‌తో పాటు నష్టాల మార్గాలూ, పెరిగిన జీతాలూ, ప్రభుత్వం పెంచనివ్వని ఛార్జీలూ అన్నీ కలిసి 1987లో ఆ రైల్వేను ముక్కలు చేసి ప్రైవేటుకు ఇచ్చే నాటికి అప్పు 37 లక్షల కోట్ల యెన్లు. అందులో చాలా భాగం చివరికి పన్ను కట్టేవాళ్ల నెత్తిన పడింది. ఆ అప్పంతా సోగో అబద్ధం వల్ల వచ్చిందని నేను అనను, అనడం అన్యాయం. ఆయన కట్టిన మార్గం లాభాలే తెచ్చింది.

ఇంకో మాట. ఆయన పదవి పోగొట్టుకున్నారు. తాను చెప్పిన తప్పుడు లెక్కకు తానే ధర చెల్లించారు. ఈ రోజుల్లో అంచనా వేసిన సంస్థ ఫీజు తీసుకుని వెళ్లిపోతుంది, ఆమోదించిన మంత్రి ఎన్నికల్లో మారిపోతాడు, ఇరవై ఏళ్ల తర్వాత బిల్లు వచ్చేసరికి అడగడానికి ఎవరూ ఉండరు. టోక్యో స్టేషన్‌లో షింకాన్‌సెన్ ప్లాట్‌ఫాం చివర సోగో ముఖం చెక్కిన ఫలకం ఉంది. ఆ ఫలకాన్ని నేను గౌరవిస్తాను. ఆయన చూపించిన అంచనా కాగితాన్ని కూడా దాని పక్కనే వేలాడదీస్తే ఇంకా గౌరవిస్తాను.

ఇంకెవరైనా? ఆ వెనక వరసలో అమ్మాయి చెయ్యి ఎత్తింది. మైకు ఆమెకు ఇవ్వండి.